ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయే బ్యాటరీ

గ్యాస్ సిలిండర్‌కి మీటరు ఉండదు. నిండు బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుందని పైన రాసి ఉంటుంది కానీ, వాడుతూ ఉంటే ఎంత మిగిలిందో చెప్పే ముల్లు ఎక్కడా కనపడదు. అందుకే మనలో చాలామంది తడిగుడ్డతో బండని తుడిచి చూస్తాం. గ్యాస్ ఉన్నంత మేరా తడి ఆలస్యంగా ఆరుతుంది, ఖాళీ అయిన పైభాగం ముందు ఆరుతుంది. ఆ తడి గీతే మన మీటరు. అది అంచనాయే అని మనకి తెలుసు. అందుకే పండగ ముందు రోజు దాన్ని నమ్ముకుని కూర్చోం, రెండో బండ తెప్పించి పెట్టుకుంటాం.

ఫోన్లకీ పిల్లల గేమ్ కన్సోళ్లకీ ఈ బాధ లేదనుకుంటాం. పైన ఓ మూల శాతం అంకె ఉంటుంది కదా! 80 అంటే ఎనభై, 34 అంటే ముప్పై నాలుగు. కానీ ఆ అంకె కూడా తడిగుడ్డ గీత లాంటిదేనని ఈ సంక్రాంతి తర్వాత మా ఇంట్లో తెలిసొచ్చింది. మీ ఇళ్లలోనూ ఇలాంటి యంత్రం ఒకటి సొరుగులో పడి ఉండొచ్చని ఇదంతా రాస్తున్నాను.

మా చిన్నాడు ఇంటర్ రెండో సంవత్సరం. దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చి, తిరిగి వెళ్లనన్నాడు. ఇప్పుడు తెనాలిలోనే ఇంటి దగ్గర్నుంచి కాలేజీకి వెళ్తున్నాడు. ఎందుకు వెళ్లనన్నాడో పెద్దగా చెప్పలేదు. "నచ్చలేదు" అన్నాడు, అంతే. వాళ్ల నాన్న నాలుగుసార్లు అడిగి మానేశారు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటలు "అన్నానికి రా", "ఫీజు కట్టావా" దగ్గర ఆగిపోయాయి.

ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్తూ మా అన్నయ్య కొడుకు తన నింటెండో స్విచ్ వీడికి ఇచ్చాడు. 2017లో వచ్చిన మొదటి రకం అది. చేతిలో పట్టుకుని ఆడుకోవచ్చు, టీవీకీ తగిలించుకోవచ్చు. ఇంజినీరింగ్‌లో ఉండగా మావాడి బావ దాన్ని మార్పులు చేసుకున్నాడు. మెమరీ కార్డు నుంచి వేరే ప్రోగ్రాం మొదలయ్యేలా, యంత్రం లోపలి సంగతులన్నీ కనపడేలా చేశాడట. చదువు హడావిడిలో పడ్డాక ఎనిమిది నెలలు బీరువాలో పెట్టేశాడు. అది మా ఇంటికి వచ్చేసరికి పూర్తిగా చచ్చి ఉంది. ఛార్జింగ్ పెడితే చాలాసేపటికి కళ్లు తెరిచింది.

మావాడు అందులో ఆడేది స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట. తాత వదిలి వెళ్లిన పొలంలోకి మనవడు వచ్చి, రాళ్లు ఏరి, దుక్కి దున్ని, విత్తనాలు వేసుకుంటాడు. కాల్పులు లేవు, పరుగులు లేవు. మా అత్తయ్యగారు కూడా పక్కన కూర్చుని "నీళ్లు పెట్టావురా?" అని అడిగేవారు. ఆ ఆటలో ఒక నియమం ఉంది. పగలంతా చేసిన పని, రాత్రి ఇంటికెళ్లి మంచం మీద పడుకుంటేనే సేవ్ అవుతుంది. మధ్యలో యంత్రం ఆగిపోతే ఆ రోజు జరగనట్టే. పెట్టిన నీళ్లు లేవు, కోసిన పంట లేదు.

ఈ యంత్రం సరిగ్గా అలాగే ఆగిపోవడం మొదలుపెట్టింది. 34 చూపిస్తూ ఉండగానే టప్‌మని తెర నల్లబడేది. ఒకసారి 31, ఒకసారి 38. "తక్కువైంది, ఛార్జింగ్ పెట్టు" అనే హెచ్చరిక కూడా లేదు. మొదటిసారి వాడు విసుక్కున్నాడు. నాలుగోసారి విసుక్కోలేదు. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి గదిలోకి వెళ్లిపోయాడు. వాడు విసుక్కోకపోవడమే నాకు భయం వేసింది. ఇంటికొచ్చాక వాడు తనంతట తాను ఇష్టపడి చేస్తున్న పని అదొక్కటే.

"పాతదేగా, చెడిపోయింది, పారెయ్" అన్నారు మావారు. బెజవాడలో ఒక రిపేరు షాపులో చూపిస్తే బ్యాటరీ మార్చాలి, మూడున్నర వేలు అన్నారు. విప్పి చూడకుండానే అన్నారు. మార్పులు చేసిన యంత్రం కాబట్టి కంపెనీ వాళ్లని అడగడానికీ లేదు, అది వాళ్ల తప్పూ కాదు. మూడున్నర వేలు ఇవ్వడానికి ముందు అసలు జబ్బేమిటో తెలుసుకోవాలనిపించింది. మనం కూరగాయ కొనేటప్పుడే తొడిమ చూస్తాం కదా!

అన్నిటికంటే ముందు చూడాల్సింది బ్యాటరీ ఉబ్బిందా అని. ఈ ఒక్క విషయంలో ఎవరూ అశ్రద్ధ చేయకండి. లిథియం బ్యాటరీ పాతబడితే లోపల గ్యాస్ చేరి అప్పడంలా పొంగుతుంది. రెండు పక్కలా ఉండే కంట్రోలర్లు తీసేసి, యంత్రాన్ని చదునైన గాజు బల్ల మీద పెట్టి మూలల్లో నొక్కి చూశాం. ఊగలేదు. తెర అంచులు లేవలేదు. ఛార్జింగ్‌లో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది తప్ప కాలడం లేదు. ఒకవేళ ఉబ్బి ఉంటే కథ అక్కడితో ఆపేయాలి. ఛార్జింగ్ పెట్టకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. పాత బ్యాటరీలు తిరిగి తీసుకునే బాధ్యత తయారీదార్ల మీద పెడుతూ 2022లో మన దేశంలో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయాలి.

తర్వాత సంగతి నాకు అర్థమైంది వీడి బావ ఫోన్‌లో చెప్పినప్పుడు. "అత్తా, బ్యాటరీకి తనలో ఎంతుందో తనకి తెలీదు. పక్కన ఒక చిన్న చిప్ ఉంటుంది. వచ్చినంత జమ, పోయినంత ఖర్చు అని అది రాసుకుంటూ ఉంటుంది. మనకి కనపడే శాతం ఆ చిప్ రాసుకున్నదే" అన్నాడు.

ఇది నా ఖర్చుల పుస్తకమేగా! పెళ్లయిన దగ్గర్నుంచీ రాస్తున్నాను. జీతం వచ్చిన రోజు ఇంత, పాలవాడికి ఇంత, చీటీకి ఇంత. పుస్తకం ప్రకారం 2,340 ఉండాలి. బీరువాలో చూస్తే 1,900 ఉంటాయి. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఆటోకి ఇచ్చిన ముప్పై, పూలకి ఇచ్చిన ఇరవై రాయలేదు. చిల్లర తేడాలు రోజూ పేరుకుని నెలాఖరుకి పెద్దవవుతాయి. అప్పుడు డబ్బుల్ని తిట్టం. డబ్బా బోర్లించి లెక్కపెట్టి, పుస్తకంలో అంకె సరిచేసి, మళ్లీ మొదలుపెడతాం.

కాలిబ్రేషన్ అంటే అంతే. నిఘంటువుల్లో దీనికి క్రమాంకనం అని ఉంటుంది. నేను డిగ్రీలో చదివిన తెలుగు అంతా పనికొచ్చినా ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా పలకలేదు. మేం "లెక్క కుదర్చడం" అనుకున్నాం.

మరి చిప్ ఆ డబ్బా ఎప్పుడు బోర్లిస్తుంది? బ్యాటరీ వోల్టేజీని చూసి. నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల దాకా ఉంటుంది. ఖాళీ అవుతున్నకొద్దీ తగ్గి 3.3, 3.2 దగ్గరికి వస్తుంది. కానీ మధ్యలో చాలాసేపు పెద్దగా తేడా కనపడదు, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. అందుకని మధ్యలో వోల్టేజీ చూసి ఎంతుందో కచ్చితంగా చెప్పడం కష్టం. పైనా కిందా మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. స్విచ్‌లో వాడిన మాక్స్ 17050 అనే చిప్ ఈ రెండు పద్ధతుల్నీ కలిపి చూసుకుంటుంది. రోజువారీ పుస్తకం ఒకటి, అప్పుడప్పుడూ డబ్బా బోర్లించడం ఒకటి.

మా యంత్రం ఎనిమిది నెలలు అడుగంటిపోయి పడుకుంది. వాడకపోయినా ఆరు నెలలకి ఒకసారైనా ఛార్జ్ చేయమని ఆ కంపెనీ వాళ్లే చెబుతారు. దానికి తోడు, ఇలా మార్పులు చేసిన వాటిలో తెర నల్లగా ఉండి లోపల మాత్రం యంత్రం మేలుకుని ఉండే స్థితి ఒకటుంది. చూసేవాళ్లు ఆఫ్ అయిందనుకుంటారు, అది ఛార్జ్ తాగుతూనే ఉంటుంది. ఇన్ని జరిగాక పుస్తకంలో అంకె తప్పకుండా ఎలా ఉంటుంది?

అయితే నిజంగా లెక్కే తప్పిందా, బ్యాటరీయే నీరసించిందా? ఇది తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఆ మెమరీ కార్డులోని హెకాటె అనే ప్రోగ్రాంలో బ్యాటరీ సమాచారం చూపే పేజీ ఉంది. యంత్రం 34 దగ్గర ఆగిపోగానే, ఛార్జర్ పెట్టకుండా కాసేపు వదిలి, ఆ పేజీ తెరిచి వోల్టేజీ చూడమన్నాడు. అప్పుడు 3.7 దగ్గర ఉంటే బ్యాటరీలో సరుకు ఉన్నా బరువు మోయలేక కూలబడుతున్నట్టు. అది ముసలితనం, మార్చాల్సిందే. అలా కాక 3.4 కంటే కిందికి ఉంటే బ్యాటరీ నిజంగానే ఖాళీ అయింది, చిప్ మాత్రం ఇంకా ముప్పై నాలుగు ఉందని చెబుతోందని అర్థం.

చిన్నాడు చూశాడు. 3.3 చిల్లర. అదీ రెండు నిమిషాలకే మళ్లీ ఆగిపోయింది.

"అమ్మా, ఇది అబద్ధం చెబుతోందే" అన్నాడు.

"అబద్ధం కాదురా, దానికి తెలిసిందే చెబుతోంది" అన్నాను. భాస్కరాచార్యుడి కూతురు లీలావతి కథ ఒకటి చెబుతారు. ముహూర్తం చూడ్డానికి పెట్టిన నీటి గడియారంలో ఆ పిల్ల నగలోని ముత్యం రాలిపడి రంధ్రం మూసుకుపోయిందట. గిన్నె మునగలేదు, ముహూర్తం మాత్రం దాటిపోయింది. గిన్నెకి వంచన తెలీదు, కాలమూ ఆగలేదు. కొలిచే చోట ఒక ముత్యం అడ్డుపడింది.

ఇక లెక్క కుదర్చడం. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. సెట్టింగుల్లో స్లీప్ మోడ్‌లోకి వెళ్లి, దానంతట అది నిద్రపోకుండా "ఎప్పుడూ వద్దు" అని పెట్టాం. యంత్రంతో వచ్చిన ఛార్జర్‌నే నేరుగా పెట్టాం, టీవీ డాక్ వాడలేదు. ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ ఆడకూడదు. 100 వచ్చాక కూడా తీయకుండా ఇంకో గంట ఉంచాలి, పైగీత బాగా ఖరారు కావాలంటే. 78 దగ్గర కరెంటు పోయింది! ఆదివారం మా వీధికి అది మామూలే. ఇన్వర్టర్ మీద ఆ ప్లగ్ లేదు. వంటింట్లో మిక్సీ ప్లగ్ దగ్గరికి మార్చి మళ్లీ పెట్టాం.

తర్వాత ఛార్జర్ తీసేసి, తెర వెలుతురు పూర్తిగా పెంచి, హోమ్ తెర మీదే వదిలేయాలి. ఆట ఆడితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ లాగుతుంది. ఏమీ చేయకుండా ఉంచితే నిలకడగా దిగుతుంది. మూడు నాలుగు గంటలు పడుతుంది. దానంతట అది ఆగిపోయేదాకా ముట్టుకోకూడదు. ఆగాక అరగంట అలా వదిలేసి, మళ్లీ మధ్యలో ఆపకుండా పూర్తిగా నింపాలి. ఇదంతా ఒక వరస. అవసరమైతే ఇంకో రెండు వరసలు.

ఆ దిగే నాలుగు గంటలూ హాల్లో బల్ల మీద స్విచ్ పెట్టి, పక్కన నా ఖర్చుల పుస్తకం పెట్టి, పావుగంటకోసారి అంకె రాస్తూ కూర్చున్నాం. నేను గోంగూర ఒలుచుకుంటున్నాను. కాసేపటికి వాడూ ఒక కట్ట తీసుకున్నాడు. మావారు పేపరు చదువుతున్నారు. ఆటా లేదు, ఫోనూ లేదు, లేచి వెళ్లడానికీ లేదు. అలా ఊరికే కూర్చుని చాలాకాలమైంది మేం.

41 రాసి పెన్ను కింద పెట్టి వాడే మొదలుపెట్టాడు. "హాస్టల్లో ఆదివారం ఫోన్ ఇస్తారు కదమ్మా. నా వెనక పదిమంది నిలబడి ఉంటారు. ఎలా ఉన్నావురా అని నువ్వడుగుతావు. బాగున్నానంటే త్వరగా అయిపోతుంది. బాలేదంటే ఎందుకని అడుగుతావు. అదంతా వాళ్ల ముందు ఎలా చెప్పను?"

నేను గోంగూర మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఆపేస్తాడని తెలుసు. "రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టేది కాదు. పొద్దున అయిదింటికి లేపేవాళ్లు. పరీక్షలో తెలిసిన లెక్క కూడా గుర్తొచ్చేది కాదు. అందరూ బానే ఉన్నారు, నేనొక్కడినే ఇలా అనుకున్నా" అన్నాడు.

పేపరు వెనక చప్పుడు లేదు. చాలాసేపటి నుంచి పేజీ తిరగలేదు. కాసేపాగి మావారు పేపరు మడిచి పక్కన పెట్టి, తెర వైపు వంగి, "ఇప్పుడెంతుందిరా?" అన్నారు.

"ముప్పై ఆరు నాన్నా."

"రాసుకో" అన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆయన కూడా ఒక కట్ట గోంగూర తీసుకున్నారు. ఆకుకంటే కాడ ఎక్కువ వచ్చింది, నేనేమీ అనలేదు.

ఆ రోజు మొదటి వరసలో 29 దగ్గర ఆగింది. బుధవారం రెండో వరసలో 11కి దిగింది. మరుసటి ఆదివారం మూడోసారి 3 దాకా వచ్చి, హెచ్చరిక చూపించి, చెప్పి మరీ ఆగింది. వాడు పుస్తకంలో ఆ 3 చుట్టూ సున్నా చుట్టాడు.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. లెక్క కుదిరినంత మాత్రాన బ్యాటరీ కొత్తదైపోదు. ఈ రకం స్విచ్ ఆటను బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. మాది నిండా ఛార్జ్ చేసి స్టార్‌డ్యూ ఆడితే మూడు గంటలు వస్తోంది. లోపలున్నది 4310 ఎంఏహెచ్ బ్యాటరీ, ఇన్నేళ్ల వాడకంలో అరిగిన అరుగుదల ఎక్కడికీ పోదు. మేం కుదిర్చింది పుస్తకాన్నే, డబ్బాలో డబ్బు పెంచలేదు. కానీ మూడు గంటలు ఉందని తెలిస్తే మూడు గంటల్లో పని చూసుకోవచ్చు. 15 చూపగానే వాడు పొలం నుంచి ఇంటికొచ్చి మంచం ఎక్కుతున్నాడు. ఒక్క రోజు పనీ పోవట్లేదు.

ఇంకొకటి. బాగుంది కదా అని నెలకోసారి ఇలా అడుగంటించకండి. పూర్తిగా ఖాళీ చేసి నింపాలనేది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి అలవాటు. లిథియానికి అది మంచిది కాదు. మామూలుగా 20 దగ్గర పెట్టి 80, 90 దగ్గర తీసేస్తే దానికి సుఖం. అంకె, వాస్తవం బాగా ఎడమైనప్పుడే ఈ వైద్యం. కొన్నాళ్లు వాడకుండా సొరుగులో పెట్టాల్సి వస్తే సగం నింపి, పూర్తిగా ఆఫ్ చేసి పెట్టండి, మధ్యమధ్యలో తీసి చూడండి. మూడు వరసలు చేసినా అంకె కుదరకపోతే అప్పుడు బ్యాటరీ మార్పించండి, తెలిసినవాళ్ల చేతే. అంటించి ఉన్న బ్యాటరీని ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో లేపబోతే చీలి మంట రావచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో శాతాల భాష ఒకటి పుట్టింది. కాలేజీ నుంచి వచ్చి బ్యాగు పడేస్తూ "అమ్మా, ఇవాళ ఇరవై. ఏమీ అడక్కు" అంటాడు. నేను అడగను. టీ పెట్టిస్తాను. ఓ గంట పోయాక తనే వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుని ఏదో ఒకటి చెబుతాడు. అన్ని రోజులూ తొంభై ఉండవు, ఉండనక్కర్లేదు. ఇరవై ఉన్నప్పుడు ఇరవై అని చెప్పడానికి వెనక వరసలో ఎవరూ నిలబడకుండా ఉంటే చాలనిపిస్తుంది నాకు.

మొన్న రాత్రి మావారు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఎవరూ అడక్కుండానే "నాది పదిహేనురా" అన్నారు. వాడు లేచి వెళ్లి ఫ్యాన్ వేసి, మంచినీళ్లు తెచ్చిచ్చాడు.